గొళ్ళెం అవుతల ముస్కాన్

మొన్న సాయంత్రం నేను యాడ ఉన్ననో చెప్తే మీరు నవ్వుతరు. బాత్రూంల! ఆగుండ్రి, అప్పుడే నవ్వకుండ్రి. మా ఇంటి బాత్రూం కాదు. మా క్లాసు పిల్ల ఇంట్ల బాత్రూం. బయటి నుంచి గొళ్ళెం పెట్టి ఉంది. పెట్టింది గా పిల్లనే. జర చాయ్ పొయ్యుండ్రి, చెప్త.

పోయిన వారం నల్లగొండల ట్రైనింగు అయింది గద. మాట రాని పిల్లలు, చూపు సరిగ లేని పిల్లలు, ఇంట్ల వేరే భాష మాట్లాడే పిల్లలు, గిట్ల తీరు తీరు పిల్లలకు చదువు చెప్పాలంటే టీచర్లు ఎట్ల తయారు కావాలె, వాళ్ల ఇంటోళ్లతోని ఎట్ల మెలగాలె, గిదీ సబ్జెక్టు. ట్రైనర్ మా పెద్దోని ఈడు పిలగాడు. మైకు పట్టుకొని, "మేడం, ఫ్యూచర్‌ల టీచర్ ట్రైనింగ్ అంటే ఈ హాల్స్, ఈ పీపీటీలు ఉండవు. మీరే పిల్లల ఇండ్లకు పోవాలె. ఫ్యామిలీ దగ్గర నేర్చుకోవాలె" అన్నడు. నేను వెనుక కుర్చీల కునుకు తీస్తున్న. సరిగ్గ గా మాటకే మెలకువ రావాల్నా? నా కర్మ!

మంగళారం పొద్దటి సంది నిలవడ్డ కాళ్ల మీదనే ఉన్న. రెండు తరగతులు ఒక్కదాన్నే చూసుడు, నడుమల మధ్యాహ్నం బువ్వ కోడిగుడ్ల ఫోటో సర్కారు యాప్‌ల ఎక్కించుడు, అది ఎక్కక తిరుగుడు. బడి ఇడిచినంక ఇంటికి పోయి పండుదామనిపించింది. కాని ముస్కాన్ ఇంటికి పోతనని హెడ్‌మాస్టర్ సార్‌తోని అననే అంటి.

ముస్కాన్ రెండో తరగతి. మాట రాదు. ఎవ్వరి మొకం చూడదు. కిటికీ కాడ కూసొని రెక్కకున్న గొళ్ళెం తీసుడు, పెట్టుడు, తీసుడు, పెట్టుడు. పొద్దంత గదే పని. బడి తెరిచిన కాడి నుంచి నన్ను ఒక్కసారన్న చూడలే. నన్ను గూడ ఒక బీరువా అనుకున్నదేమో.

వాళ్లది హాలియా దగ్గర్ల ఒక ఊరు. పోయేసరికి వాళ్లమ్మ షాహీన్ మిషను కుడుతాంది. నన్ను చూడంగనే చెయ్యి ఆగిపోయింది. కుర్చీ తుడిచి ఏసింది గాని ఆమె కూసోలే. గోడకు ఒరిగి నిలవడ్డది.

"ఏమన్న చేసిందా మేడం?"

"ఏం చెయ్యలేదమ్మా. ఊకెనే వచ్చిన."

"ఊకెనే ఎవరొస్తరు మేడం," అన్నది నేల దిక్కు చూసుకుంట.

ఆ మాట నేను పట్టించుకోలే. నా తిప్పలు నాకుండె. మా బడి బాత్రూంల నీళ్లు బంద్ అయి వారమైంది. పొద్దటి సంది బిగబట్టుకొని ఉన్న. సిగ్గిడిచి అడిగిన. వాకిట్ల మూలకున్న రేకు తలుపు చూయించి, "పోయి రాండ్రి మేడం, చాయ్‌కు పాలు తెస్త" అని గిన్నె పట్టుకొని బయటికి పోయింది.

నేను లోపట పని చూసుకొని చేతులు కడుక్కుంటున్న. టక్కుమని సప్పుడు! తలుపు నూకిన. రాలే. వంగి కింది సందులకెళ్లి చూస్తే రెండు చిన్న కాళ్లు, పట్టీలు.

"ముస్కాన్! తలుపు తీయ్ బిడ్డా!"

కాళ్లు గాడనే ఉన్నయి. అప్పుడు ట్రైనింగు యాదికొచ్చింది. తక్కువ మాటలు చెప్పాలె. చెప్పి ఆగాలె. పిల్లకు టైం ఇయ్యాలె.

"తీయ్," అన్న. ఆగిన.

"తీయ్," అన్న. మళ్ల ఆగిన. ఈ ఆగుడంత మాకు ఫ్యాన్ కింద నేర్పిండ్రు. రేకుల కింద ఆగుడు వేరే ముచ్చట! చీరంత తడిసిపోయింది.

భుజానికి బ్యాగున్నది. బ్యాగుల బొమ్మల కార్డులున్నయి. మాట రాని పిల్లలకు బొమ్మలతోని చెప్పాల్నని నేనే కత్తిరించి అతికించిన. తలుపు బొమ్మ తీసి కింది సందులకెళ్లి నూకిన. చిన్న వేళ్లు వచ్చి లాక్కున్నయి. నా సంబురం చూడాలె! ట్రైనింగు పని చేసింది! ఇగ గొళ్ళెం తీస్తది అని నిలవడ్డ.

టక్ టక్ అని తలుపు కొట్టింది. ఇంకోటి కావాల్నట!

నీళ్ల బొమ్మ ఇచ్చిన. అన్నం బొమ్మ ఇచ్చిన. కుక్క, బస్సు, గంట, అన్నీ పోయినయి. ఆఖరుకు నా ఐడీ కార్డు గూడ ఇచ్చిన. అదీ పోయింది. గొళ్ళెం మాత్రం కదలలే.

ఫోన్ తీసిన. బడి రిజిస్టర్‌ల ఇచ్చిన నంబరు వాళ్ల నాయినది. ఖాజా, రైస్ మిల్లుల పని చేస్తడు. ఎత్తిండు. అవుతల మిల్లు బర్రుమని ఒకటే మోత.

"హలో! నేను బాత్రూంల ఉన్న!"

"ఎవరు? ఎవరు కావాలె?"

"మీ ఇంట్ల! మీ బాత్రూంల!"

"ఎవరమ్మా నువ్వు? మా ఇంట్ల నీకేం పని?"

"టీచర్‌ను! ముస్కాన్ టీచర్‌ను!"

మోత తగ్గింది. బయటికి వచ్చిండేమో. గొంతు గూడ మారిపోయింది. "మేడం... ఇంటికొచ్చిండ్రా? మా ఆమెకు ఏం చెప్పకుండ్రి మేడం. నేనొస్తున్న. నాతోనే మాట్లాడుండ్రి," అని టక్కున పెట్టేసిండు. లోపట ఇరుక్కున్నది నేనాయె, బతిమిలాడేది ఆయనాయె!

అంతల కట్టె సప్పుడు. ముస్కాన్ దాదీ, ఖాజా వాళ్లమ్మ. పానం లేచొచ్చింది. "దాదీ! గొళ్ళెం తీయుండ్రి!" అని రేకు దబదబ కొట్టిన.

ముసలామెకు చెవుడు. "కౌన్? టీచరమ్మనా? ఆరాంసే కానియ్ బేటీ, తొందర లేదు. డ్రమ్ము నిండ నీళ్లున్నయి, ఫికర్ చెయ్యకు," అనుకుంట పోయింది.

ఇగ నా వల్ల కాలే. బకెట్ బోర్లేసి కూసున్న. నిజం చెప్తున్న, పొద్దటి సంది నిమ్మళంగ కూసున్నది గప్పుడే. ఏం తోచక వేలుతోని రేకు మీద టక్ టక్ అన్న. అవుతల నుంచి టక్ టక్. నేను మూడు కొట్టిన. తను మూడు కొట్టింది. నేను ఒకటి కొట్టి ఆపిన. జర సేపటికి ఒకటి వచ్చింది. తర్వాత తనే నాలుగు కొట్టి ఆగింది. నా కోసం! నేను లేట్ చేస్తే ఇంకింత గట్టిగ కొట్టింది, ఏం మేడం నిద్రపోయినవా అన్నట్టు. నేను కొట్టంగనే కిలకిల నవ్వింది. ఇన్ని నెలలల్ల ఆ పిల్ల నవ్వు నేను ఇనలే. నేను లోపట ఉన్న సంగతే మర్చిపోయిన.

"యా అల్లా!" అని షాహీన్ ఉరికొచ్చి గొళ్ళెం తీసింది. చెమటతోని, చెదిరిన జుట్టుతోని బయటికొచ్చిన. నా కార్డులన్నీ వాకిట్ల వరుసగ పేర్చి ఉన్నయి, నడుమల నా ఫోటో. గప్పుడే ఖాజా బండి దిగిండు, నెత్తి నిండ తవుడు.

"మేడం, దాని పేరు తీసెయ్యకుండ్రి," అన్నడు దండం పెట్టుకుంట. "ఇంతకుముందు బడి టీచరు గూడ గిట్లనే ఇంటికొచ్చింది. చాయ్ తాగి, రేపటి సంది పిల్లను పంపకుండ్రి అని చెప్పి పోయింది."

షాహీన్ పాలగిన్నె కింద పెట్టింది. "మీరూ గదే చెప్తరని దుకాణం కాడనే నిలవడ్డ మేడం. ఇంటికి రాబుద్ధి కాలే."

కుర్చీ షాహీన్ దిక్కు జరిపిన. "పేరు తీసేస్తందుకు రాలేదమ్మా. దానికి ఏం ఇష్టమో, దేనికి భయపడుతదో మిమ్మల్ని అడుగుదామని వచ్చిన. నాకు తెలుస్తలేదు."

ఇద్దరు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. అప్పుడు కూసున్నది షాహీన్. ఇగ ఆగలే! మిషను చక్రం సప్పుడంటే పిల్లకు పానమట. బడి గంట అంటే భయమట. గంట కాడ చెవులు మూసుకొని ఉరికేది గందుకట! అల్లరి అని నేను ఎన్నిసార్లు కసిరిన్నో. ఆమె చెప్తనే ఉన్నది, నేను ఇనుకుంటనే ఉన్న. చాయ్ రెండుసార్లు పెట్టింది.

నిన్న బడిల హాజరు తీస్తున్న. ముస్కాన్ కిటికీ కాడి నుంచి లేచి తిన్నగ నా టేబుల్ కాడికి వచ్చింది. టక్ టక్. నేను గూడ టక్ టక్. ఇగ చూడుండ్రి, క్లాసంత బల్లలు కొట్టుడు మొదలు పెట్టిండ్రు! పైకప్పు లేచిపోతదనుకున్న. పక్క రూం నుంచి హెడ్‌మాస్టర్ సార్ ఉరికొచ్చిండు.

"ఏంది మేడం గీ లొల్లి? ట్రైనింగుకు పంపితే గిదా నేర్చుకొచ్చింది?"

నా నోరు ఊకుంటదా? "ట్రైనింగుల కాదు సార్. గిది బాత్రూంల నేర్చుకున్న," అన్న.

సార్ నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. గొంతు మెత్తగ చేసి, "మేడం, రేపు జర రెస్ట్ తీసుకోండ్రి. నేను చూసుకుంట," అన్నడు.

ఇన్నేండ్ల సర్వీసుల పెండ్లికడిగినా, జ్వరానికడిగినా లీవియ్యని మనిషి, నాకు మతి పోయిందనుకొని ఇచ్చిండు. నేనేమో లేదు సార్ బాగనే ఉన్న అనలే. గా లీవే ఇయ్యాల. ఇంకో కప్పు పొయ్యుండ్రి.