నేను తీయించిన గేటు

మా సీమలో మబ్బు పడితే జనం ఆకాశానికి దండం పెడతారు. నాకు మాత్రం భయం పట్టుకుంటుంది. మొన్న మార్చిలో ఒకరోజు పొద్దున్నే వాన అందుకుంది. హిందూపురం ఇంట్లో నా భార్య కిటికీలు బార్లా తెరిచి, "ఎంత సల్లగుండాదో సూడు!" అని సంబరపడుతోంది. నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను.

నా భయమంతా పెనుకొండ దగ్గర, మా ఊరి దారిలో, రైలు పట్టాల కింద ఉన్న బ్రిడ్జి గురించే. గట్టి వాన పడితే అది నిండిపోతుంది. ఆ నీళ్లు బయటికి పోయే మార్గమే లేదు. ఆ రోజు మా తమ్ముడి కూతురికి పదో తరగతి లెక్కల పరీక్ష. ఊరు పట్టాలకు అవతల, పరీక్ష సెంటరు ఇవతల. ఇంతకీ ఆ బ్రిడ్జి తెచ్చిన మహానుభావుడు ఎవరయ్యా అంటే, నేనే.

ఎందుకు తెచ్చానో కూడా చెప్పాలి. నేను పదో తరగతి చదివేటప్పుడు అక్కడ రైల్వే గేటు ఉండేది. నా లెక్కల పరీక్ష నాడు గేటుకు అడ్డంగా గూడ్సు బండి ఆగిపోయింది. మొదలెక్కడో తోకెక్కడో కనపడదు. జనం పెట్టెల కింద దూరి అవతలికి పోతున్నారు. నేనూ వంగాను. నాకు తోడొచ్చిన మా నాయన వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాడు. గొర్రెలు కాసే మనిషి, సంతకం కూడా రాదు.

"నాయనా, టైమైపోతాంది, వదులు!" అని ఏడ్చాను.

"పోతే ఏడాది పోతాది, మళ్లా వస్తాది. దూరాకు," అన్నాడు. వదల్లేదు.

బండి కదిలి నేను బడి చేరేసరికి సగం పరీక్ష అయిపోయింది. లోపలికి రానివ్వలేదు.

ఆ ఏడాదంతా ధర్మవరంలో ఒక మగ్గాల ఇంట్లో కండెలకు పట్టుదారం చుడుతూ గడిపాను. చుట్టిన ప్రతి కండెకూ నాయనను తిట్టుకున్నాను. తర్వాత మళ్లీ రాసి, హిందూపురంలో డిగ్రీ, ఆపైన లా చదివి, కోర్టులోంచి రాజకీయాల్లోకి జారాను. ఎంపీనయ్యాను. నాయన పోయాడు గానీ ఆయన మీద నా కోపం పోలేదు.

నేను గెలిచాను, మా పార్టీ ఓడింది. ప్రతిపక్షంలో ఎంపీ అంటే ఏముందండీ, ఏ ఆఫీసుకు పోయినా కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, పని ఒక్కటి చెయ్యరు. సభలో మూడు నిమిషాలిచ్చి రెండో నిమిషానికే గంట కొడతారు. దొరికిన ఆ రెండు నిమిషాల్లోనే, గేటు తీసేసి కింద బ్రిడ్జి కట్టండని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! చివరికి కట్టారు. ప్రారంభానికి నన్ను పిలవలేదు. అయినా సిగ్గు లేకుండా పోయి, జనం వెనక నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

మొదటి వానకే అది మునిగింది. సభలో ప్రశ్న వేస్తే, గౌరవ సభ్యులు కోరినట్టే గేటు తొలగించి బ్రిడ్జి కట్టామని జవాబొచ్చింది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఊళ్లో ఒక అవ్వ మొహం మీదే అడిగింది: "గేటైతే ఎప్పుడో ఒకప్పుడు తీస్తాండ్రి గదప్పా. ఈ నీళ్లు ఎవరు తీసేది?"

కారులో పెనుకొండకు వస్తూ తమ్ముడికి ఫోన్ చేశాను. "నడుముదాకా నీళ్లుండాయన్నా. ట్రాక్టరు కూడా దిగేట్టు లేదు," అన్నాడు.

"రైలు కట్ట ఎక్కి పట్టాలు దాటండి. ఈ పక్క నేను కారుతో ఉంటా," అన్నాను.

నేను చేరేసరికి తొమ్మిదింపావు. పరీక్ష తొమ్మిదిన్నరకు. కట్ట మీదికి చూశాను. పట్టాల మీద గూడ్సు బండి నిలబడి ఉంది. ఈ చివరా ఆ చివరా కనపడటం లేదు. బురదలో జారుతూ పైకెక్కి, వంగి, పెట్టెల కిందనుంచి చూశాను. అవతల తమ్ముడి కాళ్లు, వాటి పక్కన పిల్ల కాళ్లు.

"అన్నా, పాపను కింద దూరమందామా? నువ్వేం చెప్తే అది," అని తమ్ముడు అరిచాడు.

పిల్ల అప్పటికే వంగింది. హాల్ టికెట్టూ, పరీక్ష రాసే అట్టా ప్లాస్టిక్ కవరులో చుట్టి గుండెకు హత్తుకుంది. "పెదనాయనా, టైమైపోతాంది!"

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసంటారు. గూడ్సు బండి కదలిక కూడా అంతే. అది తెలిసీ నా కళ్ల ముందు ధర్మవరం కండెలే తిరిగాయి. ఏడాది పాటు చుట్టిన కండెలు.

"రామ్మా, బిరీన రా," అన్నాను.

మోకాళ్ల మీద పాకుతూ వచ్చింది. చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాను. ఆమె ఇంకా నిటారుగా నిలబడనైనా లేదు, ముందు నుంచి పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు మా దాకా వచ్చింది. చక్రాలు కదిలాయి. ఆమె పాకిన చోటు మీదుగానే దొర్లాయి.

అవతల తమ్ముడి కేక బండి రొదలో కలిసిపోయింది. జేబులో ఫోన్ మోగింది. "అన్నా, పాప... పాప యాడ?"

"ఈడనే ఉండాది," అన్నాను.

"పా పెదనాయనా, లేటవుతాది!" అని పిల్ల అప్పటికే కారు వైపు పరుగెత్తుతోంది.

పరీక్షకు అందుకుంది. నేను బడి బయట టీకొట్టు దగ్గర కూలబడ్డాను. పరీక్ష అయ్యాక పిల్ల నవ్వుతూ వచ్చి, అన్నీ రాశానని చెప్పింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

సంతకం రాని మా నాయన ఆ రోజు నా చొక్కా వదల్లేదు. ఇంత చదివి, చట్టాలు చేసే సభలో కూర్చునే నేను, రమ్మన్నాను.