సార్ రాసిన కోడ్ చదివిన రోజు

మహబూబ్‌నగర్‌లో నాకు టైపు నేర్పిన సారే, పన్నెండేళ్ల తర్వాత నాతో పాటు ఒకే ఆఫీసులో ప్రోగ్రాంలు రాస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. తొంభైల చివర్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఆయన తన మిషన్లు అమ్మేసి, నలభై ఎనిమిదేళ్ల వయసులో కంప్యూటర్ కోర్సులో చేరారు. ఒకప్పుడు తన దగ్గర నేర్చుకున్నవాళ్ల పక్కనే బెంచీ మీద కూర్చుని పాఠం విన్నారు.

మా ఆఫీసులో ఓనరు, సార్, నేను, అంతే. ఒకరు రాసింది ఇంకొకరు చదివి సంతకం పెట్టాకే బయటికి పోవాలని ఓనరు నియమం పెట్టాడు.

ఊళ్లో ఒక కంటి ఆసుపత్రికి మేం ప్రోగ్రాం రాసిచ్చాం. రోగి పేరు, ఊరు కొడితే నంబరు వేసి చీటీ ఇస్తుంది. ఆ వివరాలను పై అంతస్తులో ఉన్న డాక్టరు కంప్యూటరుకు పంపుతుంది. ఈ పంపడం చాలా నిదానం. మధ్యలో ప్రోగ్రాం మూస్తే పంపడం ఆగిపోయేది. మూయకపోతే తెరంతా అదే ఉండి, ఇంకో పని చేసుకోనిచ్చేది కాదు. కౌంటరులో కూర్చునే అక్క ఉత్తరాలు టైపు చేసుకోలేకపోతున్నానని రోజూ ఫోన్ చేసేది. అందుకని సార్ ఒక మార్పు రాశారు. మూసే గుర్తు నొక్కినా ప్రోగ్రాం ఆగదు. తెర మీంచి తప్పుకుని, మూలన గడియారం పక్కన చిన్న బొమ్మగా మారి, తన పని తాను చేసుకుపోతుంది.

పొద్దున ఆ కోడ్ అచ్చు తీసి నా ముందు పెట్టారు. టైపు నేర్పే రోజుల్లో, చూడకుండా కొట్టాలని ఆయన కీల మీద చేతిరుమాలు కప్పేవారు. ఒక్క అక్షరం తప్పినా కాగితం లాగేసి కొత్తది ఎక్కించమనేవారు. అలాంటి మనిషి రాసినదాంట్లో నేను తప్పులు వెతకడమేమిటనిపించింది. సగం చదివి సంతకం పెట్టేశాను.

మధ్యాహ్నం సార్ నమాజుకు వెళ్తూ, అటునుంచి అటే ఆసుపత్రికి పోయి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తానని ఫ్లాపీ సంచిలో వేసుకున్నారు. ఆయన వెళ్లాక ఊరికే కూర్చోలేక మిగిలిన కాగితాలు తిరగేశాను. ఆఖరి పేజీలో తప్పు దొరికింది.

పాత ప్రోగ్రాం మూసినప్పుడు, ఆ రోజు ఇచ్చిన చివరి నంబరును ఫైలులో రాసుకునేది. ఇప్పుడు మూసినా నిజంగా మూతపడదు కాబట్టి ఆ నంబరు రాసుకోదు. అక్క మూసేశాననుకుని మళ్లీ తెరిస్తే, రెండో ప్రోగ్రాం లేచి, పాత నంబరు చదువుకుని, ఇచ్చిన నంబర్లే మళ్లీ ఇస్తుంది. ఒకే నంబరు మీద ఇద్దరు రోగులు ఉంటారు. ఒకరికి కుడికన్ను, ఇంకొకరికి ఎడమకన్ను ఆపరేషన్ రాసి ఉంటే ఏమవుతుందోనని ఆలోచించడానికే భయమేసింది.

ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయాను. సార్ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు, సంచి ఒళ్లో పెట్టుకుని.

"ఏం బేటా, ఇట్లొచ్చినవ్?"

"ఎక్కిచ్చిన్రా సార్?"

"లే. లైన్ల మస్తు మంది ఉన్నరు. ఖాళీ అయినంక ఎక్కిద్దామని కూసున్న."

పక్కన కూర్చుని కాగితం చూపించాను. ఆయన ఆ లైన్ల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు.

"సంతకం పెట్టకముందు చూసినవా, పెట్టినంకనా?"

"పెట్టినంక సార్."

"నేను రాసిన్నని చదవలేదా?"

"ఔను సార్."

"గట్ల మర్యాద చెయ్యకు బేటా. మన మర్యాదకు ఎవలిదో కన్ను పోతది."

కోపంగా అనలేదు. సంచి భుజాన వేసుకుని లేచారు. ఆఫీసుకు వచ్చి పరీక్షించాం. ప్రోగ్రాం తెరిచి, ఒక చీటీ తీసి, మూసి, మళ్లీ తెరిచి ఇంకో చీటీ తీశాం. రెండుసార్లూ నాలుగువందల పన్నెండే వచ్చింది. సార్ ఆ రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత, ముందే ఒకటి నడుస్తుంటే కొత్తది తెరవకుండా దాన్నే తెర మీదికి తెచ్చేలా మార్చారు. ప్రతి చీటీకి అప్పుడే నంబరు ఫైలులో రాసుకునేలా కూడా చేశారు. ఈసారి నేను మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా చదివాను. ఒకచోట తెర మీద వచ్చే మాటలో అక్షరం తప్పుందని చెబితే నవ్వి దిద్దారు.

మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్లి ఎక్కించాం. అక్క మూసే గుర్తు నొక్కింది. తెర ఖాళీ అయ్యేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

"పోయిందా, సార్?"

"యాడికీ పోలే. మళ్ల తెరువు."

తెరిచింది. అదే తెర, అదే వరస వచ్చింది. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయనకు తర్వాతి నంబరు చీటీ వచ్చింది. పై అంతస్తు నుంచి నర్సు కేకేసి ఆయన వివరాలు అందాయని చెప్పింది.

"ఇగ ఉత్తరాలు కొట్టుకోవచ్చునా?" అంది అక్క.

"జర కొట్టి చూడు," అన్నారు సార్.

ఆమె మొదటి ఉత్తరం టైపు చేస్తుంటే, కీల మీద వేళ్లు ఎలా పెట్టాలో ఆయన వెనక నిలబడి చెప్పడం మొదలుపెట్టారు.