తప్పు బైండింగ్‌ది కాదు

ఆ లోయలో బైండింగ్ విరిగితే తప్పు బైండింగ్‌ది కాదు. ఈ సంగతి లోకానికి అర్థమయ్యేలా చెప్పడమే ఫిలోమేనా శాంటర్ ఉద్యోగం.

టిరోల్ కొండల్లో, రోడ్డు ఇక ముందుకు పోలేక ఆగిపోయే చోట ఉంది ఆ ఊరు. ఒక కొసన చర్చి, ఇంకో కొసన కోఫ్లర్ గారి ఫ్యాక్టరీ. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులు అక్కడ తయారవుతాయి. ఊళ్లో పెళ్లిళ్లు చర్చిలో జరిగినా, కుదిరేది ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే. ఆ ఫ్యాక్టరీ ముందు గదిలో, గ్యారంటీ కౌంటర్ వెనక, జుట్టు నెరవక ముందు నుంచీ మేనా కూర్చుని ఉంది.

విరిగిన ముక్క పట్టుకుని ఎవరొచ్చినా ముందు కాఫీ ఇచ్చేది. తర్వాత ఆ ముక్కను వెలుతురుకెత్తి, డాక్టరు ఎక్స్‌రే చూసినంత విచారంగా చూసేది.

"బూటు పెట్టే ముందు మడమ కింద మంచు దులిపారా?"

దులిపామంటే, "అయితే మరీ గట్టిగా దులిపి ఉంటారు." దులపలేదంటే, "అదీ సంగతి!" హాంబర్గ్ వాడైనా ఆమ్‌స్టర్‌డామ్ వాడైనా తన తప్పు తానే ఒప్పుకుని, కొత్త జత కొనుక్కుని, పైగా ఆమె చేయి పట్టుకుని థాంక్స్ చెప్పి వెళ్లేవాడు.

ఊరివాళ్ల సంగతి వేరు. ఆ లోయలో మనిషిని దొంగ అనవచ్చు, తాగుబోతు అనవచ్చు, పాలలో నీళ్లు కలుపుతాడనీ అనవచ్చు. స్కీ రాదని మాత్రం అనకూడదు. ఆ ఒక్క మాటకు అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్లున్నాయి. అందుకని ఊరివాడి బైండింగ్ విరిగితే మేనా ఏమీ అడిగేది కాదు. అతను వెనక తలుపులోంచి వచ్చి, వాతావరణం గురించి కాసేపు మాట్లాడి, కొత్త ముక్క జేబులో వేసుకుని, పాతది బల్ల మీద మరిచిపోయి వెళ్లేవాడు. ఏదీ విరగలేదు, ఎవరూ పొరపాటు చేయలేదు.

మేనా కొండ దిగుతుంటే చూడటానికి కొట్టాల్లో పాలు పితికేవాళ్లు కూడా బయటికి వచ్చేవారు. ఫిబ్రవరిలో ఏటా కొండ పందెం జరుగుతుంది. స్కీలతోనే పైకి ఎక్కి, స్కీలతోనే కిందికి దిగాలి. అందులో ఆడవాళ్లెవరూ ఆమెను దాటలేదు. దాటిన మగవాళ్లు కొందరే, దాటామని చెప్పుకునేవాళ్లు చాలామంది. అందం గురించి గానీ వంట గురించి గానీ మేనాకు భ్రమల్లేవు. ఈ పేరొక్కటే ఆమె ఆస్తి.

ఆ ఏడాది కోఫ్లర్ గారు 'ఈక' అనే కొత్త రకం బైండింగ్ తెచ్చారు. తేలిక కోసం మడమను పట్టే భాగంలో లోహం తీసేసి ప్లాస్టిక్ పెట్టారు. ఆ ప్లాస్టిక్ అచ్చు పోసే మిషన్ దగ్గర పనిచేసేది మేనా భర్త గెబ్‌హార్డ్. పందెం రోజు పొద్దున్న అతను రొట్టె కోస్తూ, "పాత లోహపు జతే వేసుకో మేనా," అన్నాడు.

"కొత్తవి వేసుకోమన్నారు కోఫ్లర్ గారు. మ్యూనిక్ నుంచి షాపుల ఓనరు వస్తున్నాడట, చూపించాలట."

"అచ్చు పోసేది నేనే కదే. స్క్రూ పక్కన గోడ మరీ పలచన. చలికి ఎండు రొట్టెలా పెళుసైపోతుంది. నీ కౌంటర్ కింద డబ్బాలో పడేసిన ముక్కలన్నీ అక్కడే కదా విరిగాయి?"

"అవన్నీ వాడకంలో పొరపాట్లు."

"అందరూ ఒకే చోట పొరపాటు చేశారా?"

"హాలండ్‌లో కొండల్లేవు. వాళ్లకి ఇంకోచోట చేయడం రాదు."

"మొన్న వచ్చింది మన ఫాదర్ గారు కదా?"

"ఆయనేం విరగ్గొట్టుకోలేదు. వాతావరణం గురించి మాట్లాడి వెళ్లారు," అంటూ మేనా బూట్లు వెతుక్కుంది.

చలి ముక్కులు కొరికేస్తోంది. ఎక్కడంలో ఆడవాళ్లందరికంటే ముందు మేనాయే శిఖరం చేరింది. ఎక్కేటప్పుడు జారకుండా స్కీల అడుగున అంటించిన బొచ్చు పట్టీలు లాగేసి, మడమలు బైండింగుల్లోకి నొక్కింది. రెండూ టక్కుమన్నాయి. దిగడం మొదలుపెట్టింది.

చివరి వాలు దగ్గర, ముగింపు తాడు వెనక ఊరంతా నిలబడి ఉంది. ముందు వరసలో, తనూ కొత్త 'ఈక' జతే వేసుకుని కోఫ్లర్, పక్కన మ్యూనిక్ ఓనరు ష్టాడ్లర్. తాడు ఇంకాస్త దూరంలో ఉందనగా చిన్న గుంత వచ్చింది. అలాంటి గుంతల్ని మేనా నిద్రలో కూడా దాటగలదు. టప్పుమని చప్పుడైంది. కుడి స్కీ ఆమెను వదిలేసి, తన దారిన తాను జారి, తాడు దాటి, ష్టాడ్లర్ కాళ్ల దగ్గర ఆగింది. దాని వెనకాలే మేనా వచ్చింది, బోర్లా.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

కోఫ్లర్ స్కీలతోనే గబగబా వచ్చి ఆమె మీదికి వంగాడు. "దెబ్బ తగిలిందా?"

"లేదు."

"హమ్మయ్య. ఆయన అడిగితే మడమ సరిగా నొక్కలేదని చెప్పు. ఒక్క మాట. నీకు అలవాటే కదా."

కింద ఆఫీసులో అయితే ఆయన కోఫ్లర్ గారు. కానీ వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక టిరోల్‌లో 'గారూ' లేదు, 'మీరూ' లేదు, ఎవరినైనా పేరు పెట్టి పిలవడమే. మేనా మోచేతుల మీద లేచింది.

"ఒస్వాల్డ్, ఊరంతా చూస్తోంది. రేపట్నించి నాకు స్కీ రాదంటారు."

"ఎవడంటాడు? అననిస్తానా నేను?"

"నువ్వే కదా అనమంటున్నావు!"

ఈలోగా ష్టాడ్లర్ ఊడిన స్కీ పట్టుకుని వచ్చాడు. "ఏమైంది మేడం?"

"వాడకంలో..." అని మొదలుపెట్టింది మేనా. ఇన్నేళ్లు చెప్పిన మాట, నోరు తెరిస్తే అదే వచ్చేస్తుంది. తాడు వెనక పాలవాళ్లు, ఫాదర్, పిల్లలు. ఆమె నోరు మూసుకుని, మళ్లీ తెరిచింది.

"నీ కాళ్లకీ ఇవే ఉన్నాయి కదా ఒస్వాల్డ్? పైకెళ్లి ఈ వాలు దిగు. నువ్వు నిలబడి వస్తే తప్పు నాదే."

కోఫ్లర్ ఫ్యాక్టరీ యజమానే గానీ ఈ లోయలో పుట్టినవాడు. దిగనంటే ఇంక ఊళ్లో తలెత్తుకోలేడు. వాలు ఎక్కాడు, మంచి ఒడుపుతోనే దిగాడు, ఆ గుంత దగ్గరికి వచ్చాడు. మళ్లీ అదే చప్పుడు. టోపీ ఒక పక్కకి, స్కీ ఇంకో పక్కకి వెళ్లాయి. మనిషి నడుం దాకా మంచులో దిగబడ్డాడు.

కనుబొమలు దులుపుకుని అందర్నీ చూశాడు. తన బైండింగ్ మంచిది కాదనలేడు. తనకు స్కీ రాదనీ అనలేడు.

"మంచు," అన్నాడు. "ఇవాళ మంచు బాగాలేదు. కింద పొర గడ్డకట్టింది. ఇలాంటి దాంట్లో ఏ బైండింగూ నిలవదు."

తాడు వెనక అందరికీ ఊపిరి తిరిగింది. "అవునవును, దిక్కుమాలిన మంచు!" "పొద్దున్నే అన్నాను నేను!" ఫాదర్ కూడా తల ఊపారు. మంచు ఫ్యాక్టరీలో పనిచేయదు, దానికి ఊళ్లో చుట్టాలూ లేరు.

ష్టాడ్లర్ మాత్రం మేనా వైపు తిరిగాడు. "మీరేమంటారు? మంచు బాగాలేదా?"

ఒక్కసారి తల ఊపితే చాలు. ఆమె పేరు నిలుస్తుంది, ఫ్యాక్టరీ నిలుస్తుంది, గెబ్‌హార్డ్ మిషనూ నిలుస్తుంది. మేనా గుప్పెడు మంచు తీసుకుని నొక్కింది. అది పొడి పిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. దీన్ని బాగాలేదంటే, చెప్పినవాళ్లకు మంచంటే ఏమిటో తెలియదని ఈ కొండ మీద చంటిపిల్లలు కూడా చెబుతారు.

"ఈ శీతాకాలంలో ఇంత మంచి మంచు పడలేదు," అంది. "దీన్ని చెడ్డదన్నవాడికి స్కీ గురించి ఏం తెలీదు. విరిగింది ప్లాస్టిక్. చలికి పగులుతుంది. స్క్రూ పక్కన గోడ పలచన."

తాడు వెనక గెబ్‌హార్డ్ కళ్లు మూసుకున్నాడు.

ష్టాడ్లర్ పాత లోహపు రకానికి మాత్రం ఆర్డరిచ్చి వెళ్లాడు. గెబ్‌హార్డ్‌ను లోహం కోసే విభాగానికి మార్చారు. మేనాను కౌంటర్ నుంచి తీసేసి, మాట్లాడే అవసరం లేని ప్యాకింగ్‌లో వేశారు. రొట్టెల కొట్టువాడికి ఆమె పలకరింపు వినిపించడం మానేసింది. ఈస్టర్ ఉపవాసాల్లో ఫాదర్ నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి ప్రసంగించారు.

ఒక సాయంత్రం గెబ్‌హార్డ్ సూప్ గిన్నె ముందు కూర్చుని నిట్టూర్చాడు. "బయట నిన్నేమంటున్నారో తెలుసా? పొగరుబోతువట. విశ్వాసం లేనిదానివట."

"ఇంకా?"

"కోఫ్లర్ గారి కడుపు కొట్టావట."

"ఇంకా?"

"ఇంకేం కావాలే నీకు?"

"స్కీ రాదన్నారా ఎవరైనా?"

గెబ్‌హార్డ్ చెంచా ఆపి ఆలోచించాడు. "లేదు. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు."

"మరింకేం," అని మేనా తనకు ఇంకాస్త సూప్ వడ్డించుకుంది.