మాత్ర ఎవరు వేశారు?

మా ఆఫీసులో ఆమెను అందరం బటన్ల పిసినారి అంటాం. ఎదుటే అంటాం, నవ్వేస్తుంది. మందుల వేళ గుర్తుచేసే మా యాప్‌లో తెరలన్నీ గీసేది ఆమే. ఎవరైనా కొత్త బటన్ అడిగితే సొంత పొలం రాసివ్వమన్నట్టు చూస్తుంది. తప్పులు పట్టే పని నాది కాబట్టి మా ఇద్దరికీ రోజూ పేచీయే. అయినా ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆమె చేసిన మేలు తలుచుకోని రోజు లేదు నాకు.

ఆ వేసవిలో మేనేజరు తేల్చి చెప్పేశారు. మూడు నెలల్లో వాడేవాళ్ళు మూడింతలు కాకపోతే యాప్ మూసేస్తారు, మేం ఆరుగురం వేరే పని వెతుక్కోవాలి.

"వాడేవాళ్ళ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ వాళ్ళ పేరుతోనే ఆహ్వానం వెళ్ళిపోవాలి. ఒక్క బటన్ చాలు," అన్నారాయన.

ఆమె వారం రోజులు నసిగి, చివరికి ఒప్పుకుంది. "నాకూ ఉద్యోగం కావాలిగా," అంది, నా ముఖం చూడకుండా.

అంకెలు జోరుగా ఎగబాకాయి. మేనేజరు అందరికీ ఐస్‌క్రీం తెప్పించారు. అది కరిగేలోపే ట్యూషన్లు చెప్పే ఒకావిడ ఫోన్ చేసింది. ఆవిడ దగ్గర చదివే పిల్లల తల్లులందరికీ ఆవిడ పేరుతో కబురు వెళ్ళిందట, 'నేను మందులు మరిచిపోకుండా ఇది వాడుతున్నాను, మీరూ చేరండి' అని.

"నా మాత్రల సంగతి ఊరంతా దండోరా వేయమని ఎవరు చెప్పారమ్మా మీకు? ఏం జబ్బో ఏమోనని ఇద్దరు పిల్లల్ని మాన్పించేశారు!"

"తప్పు నాదేనండి. గీసింది నేనే," అంది మా పిసినారి. మేనేజరు పేరే ఎత్తలేదు. ఆ సాయంత్రమే బటన్ తీసేసింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఆ ఆహ్వానాలతో చేరినవాళ్ళంతా జారుకుని, అంకెలు మళ్ళీ మొదటికొచ్చాయి. రెండు నెలలే మిగిలాయి.

అప్పుడే మా ఇంట్లో గొడవ. నాన్నకు రక్తపోటు మాత్ర నేను వేసి ఆఫీసుకు వచ్చాను. వేయలేదనుకుని మా తమ్ముడు ఇంకోటి వేశాడు. మధ్యాహ్నానికి నాన్న కళ్ళు తిరిగి కూలబడ్డారు. డాక్టరు ప్రమాదం లేదనేదాకా మా ప్రాణాలు మా దగ్గర లేవు. మర్నాడు టీ తాగుతూ ఆమె దగ్గర తమ్ముణ్ణి తిట్టిపోశాను.

"వాడికి నోరు లేదా అక్కా, ఫోన్ చేసి అడగడానికి?"

"నీకుందిగా. వేశానని వాడికి చెప్పావా మరి?"

నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం అప్పటికే గ్లాసు పక్కన పెట్టి కాగితం మీద గీతలు గీస్తోంది.

నాలుగు రోజుల్లో తయారైంది. మాత్ర వేసినవాళ్ళు 'వేశాను' అని నొక్కి, ఇంట్లో ఎవరికి తెలియాలో వాళ్ళను మాత్రమే ఎంచుకుని పంపాలి. 'నాన్నకు పొద్దుటి మాత్ర వేశాను.' కబురు అంతే, యాప్ గొప్పలేవీ ఉండవు. చదవడానికి యాప్‌ను ఫోన్లోకి దించుకోనక్కర్లేదు కూడా.

"ఊరికే చదివేసి పోతే మనకేంటి లాభం?" అన్నారు మేనేజరు.

"వాళ్ళ నాన్నకి మాత్ర రెండుసార్లు పడదు సార్."

మొదటి కబురు నేనే తమ్ముడికి పంపాను. చదివి ఊరుకున్నాడు. మర్నాడు మాత్ర వాడు వేశాడు. ఆ మాట నాకూ అలాగే పంపాలంటే యాప్ దించుకోక తప్పలేదు వాడికి. వాణ్ణి చూసి మా అత్త, అత్త పంపితే ఆవిడ కోడలు. అలా ఇంటింటా నత్తనడకన పాకింది. గడువు చివరి వారానికి వాడేవాళ్ళు రెండింతలే అయ్యారు. నేను సొరుగు ఖాళీ చేయడం మొదలుపెట్టాను.

ఆ సోమవారం మేనేజరు నేరుగా ఆమె బల్ల దగ్గరికొచ్చి తన ఫోన్ ముందు పెట్టారు.

"అక్షరాలు ఇంత చిన్నవేంటండీ? మా అమ్మకి కనబడట్లేదంట."

"మీ అమ్మగారు వాడుతున్నారా సార్?"

"మా చెల్లెలు పంపితే దించుకుందట. ఇది మనదని దానికి తెలీదు, నేనెప్పుడూ చెప్పలేదు." ఆయన ఫోన్ తీసి జేబులో వేసుకున్నారు. "మూసే సంగతి పైవాళ్ళతో నేను మాట్లాడతాను. మీరు ముందు అక్షరాలు పెద్దవి చేయండి."

మాట్లాడారు. పైవాళ్ళు యాప్‌కు మరో ఏడాది ఇచ్చారు.

ఆ కబురు తెలియగానే ఆమె దగ్గరికి పరిగెత్తాను. కిటికీ పక్కన నిలబడి, కళ్ళద్దాలు తీసేసి, పాత ఫోన్ ఒకటి చేయి చాచి పట్టుకుని, అక్షరాలు పెద్దవాళ్ళకు కనబడతాయో లేదో చూసుకుంటోంది.

"అక్కా, నీ మేలు ఈ జన్మలో మర్చిపోలేను."

"మర్చిపోవద్దులే. ముందు కాస్త జరుగు, వెలుతురుకి అడ్డమొస్తున్నావు," అంది.