సిక్ కాదు, ఫిట్

తొంభైల్లో ఖరగ్‌పూర్ మలంచాలో, మా ఇంటి ముందుగదిలో నేను కంప్యూటర్ నేర్పేదాన్ని. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. దాని హార్డ్ డిస్క్ నిండిపోయింది. రెండో డిస్క్ పడుతుందో లేదో తేల్చుకుందామని కంప్యూటర్ పెట్టెను రిక్షాలో వేసుకుని బజారుకు వెళ్లాను. రైల్వేలో వేగన్లు పరీక్షించే మా నాన్న తోడు వచ్చారు.

దుకాణందారు మూతైనా తీయలేదు. "ఇది సిక్ అయిపోయింది దీదీ. కొత్త కంప్యూటర్ కొనండి" అన్నాడు. మా ఊళ్లో పాడైన రైలు వేగన్‌ని సిక్ అంటారు, దాని మీద సుద్దతో అలాగే రాస్తారు.

నాన్నకు చురుక్కుమంది. "వంగి సూడకుండా సిక్ రాసినోడ్ని నా సర్వీసులో సూడనేదు. నువ్వు మూత ఇప్పమ్మా" అన్నారు.

మూత తీశాను. లోపల డిస్క్ కేబుల్‌కు ఒక కొస ఖాళీగా ఉంది. దుకాణంలోని కొత్త డిస్క్ అడిగి తీసుకుని తగిలించి ఆన్ చేశాను. కొత్తది సరే, పాతది కూడా కనబడలేదు. దుకాణంలో అందరూ నవ్వారు.

"నవ్వనీ. ఏటి మర్సిపోనావో సూడు" అన్నారు నాన్న.

అప్పుడు తట్టింది. రెండు డిస్కులూ మాస్టర్‌గానే ఉన్నాయి. ఒక కేబుల్ మీద ఇద్దరు మాస్టర్లు కుదరరు, ఒకటి రెండోదాని కింద ఉండాలి. కొత్తదాని వెనకున్న జంపర్ అనే చిన్న క్లిప్పును మార్చాను. తెర మీద రెండూ వచ్చాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాన్న జేబులోంచి డ్యూటీ సుద్దముక్క తీసి పెట్టె మీద పెద్దగా 'ఫిట్' అని రాశారు. దుకాణందారు తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. మలంచా దాకా అలాగే తెచ్చాను.

ఆ తర్వాత నీ వల్ల కాదని నాతో అన్నవాళ్లు చాలామంది తగిలారు. మూత తీసి చూశారా అని అడుగుతాను.