గాలి పట్టలేదు, గాలి ఆడడం లేదు

ప్రియులారా, మా పెద్దయ్య పోయారన్న సంగతి మనిషి వచ్చి చెప్పకముందే నాకు గోడ చెప్పింది. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆయనకు ఊపిరి అందించే కిరాయి మిషను ఆ గోడకు ఆనుకుని కొన్ని నెలలుగా మూలుగుతూనే ఉండేది. తెల్లవారి ప్రార్థనకు మోకరించి వాక్యం తెరిచాను. మూలుగు లేదు. కరెంటు పోయిందేమోనని తల ఎత్తితే నా నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఆయన కూతురు గడపలో నిలబడి, "నాయిన పోయిండు, అయ్యగారు" అన్నది.

ఆయన నాకు చుట్టం కాదు, సంఘస్థుడూ కాదు. మణుగూరు దగ్గర ఒక భూగర్భ గనికి గాలి ఆడించే పెద్ద ఫ్యాను దగ్గర ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. అడవి అంచున రేకుల గది, ఆ గదిలో ఆయన, పక్కన ఏనుగంత ఫ్యాను. కింద చీకట్లో మనుషులు. అన్నేళ్లూ ఆయన పని ఆ ఫ్యాను చప్పుడు వినడం, గాలి ఆడుతోందో లేదో చూడడం. ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు. ఎవరింటికి వెళ్లినా చేతి వెనకభాగం నాలుకతో తడి చేసుకుని కిటికీ దగ్గర పెట్టి చూసేవారు. గాలి తగిలితేనే కూర్చునేవారు. తలుపు పూర్తిగా మూసిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. నా ప్రసంగం మాత్రం ఎక్కువసేపు వినలేకపోయేవారు. "నీ దేవునికి చెవుడు లేదు గద, అయ్యగారు, ఎందుకట్ల ఒర్లుతవ్?" అనేవారు.

నేను బడి చదువు మధ్యలో ఆపి, వాక్యం ఒక్కటే పట్టుకుని నేర్చుకున్నవాడిని. వాగులు పొంగి గూడేలకు దారి తెగినప్పుడు పనికొస్తుందని సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొని, సందేశాలు రికార్డు చేసి ఫోన్లకు పంపడం మొదలుపెట్టాను. ఎండాకాలం వచ్చేసరికి దాని తీరు మారింది. నేను నరకం గురించి చెప్పే చోటికి రాగానే లోపల ఏదో లేచి హోరుమని ఊళపెట్టేది. భద్రాచలం దారిలో ఒక గూడెంలో ఉండే చెల్లెమ్మ ఫోన్ చేసి, "అన్నా, నీ ఎనుక ఎవరో ఏడుస్తున్నరు" అన్నది.

గాలి పట్టిందనుకున్నాను. నవ్వకండి. మన భాషలో దయ్యానికీ గాలే పేరు, ఊపిరికీ గాలే పేరు. మనుషుల్లోంచి గాలిని గద్దించి వెళ్లగొట్టిన నోటితోనే ఆ యంత్రాన్నీ గద్దించాను. అరచెయ్యి ఆనించి ప్రార్థిస్తే అరచెయ్యి చురుక్కుమంది. వాక్యంలో చదివిన, ఏడంతలు మండించిన ఆ అగ్నిగుండం గుర్తొచ్చింది. తర్వాత, ఊళ వచ్చేది దాని లోపలి చిన్న ఫ్యాను దగ్గర్నుంచేనని చూసి, ఆ ఫ్యాను వేగాన్ని మన చేతికిచ్చే ప్రోగ్రాం ఒకటి దొరికితే, వేగాన్ని అట్టడుగుకు దించేశాను. మిగిలిన చప్పుడు కూడా వినపడకుండా లాప్‌టాప్ కింద బొంత మడిచి పెట్టాను. ఊళ ఆగింది. దయ్యం పోయిందని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. వారం తిరక్కుండానే, ప్రసంగం నడుమ తెర నల్లబడి, అది చచ్చినట్టు పడిపోయింది.

పెద్దయ్య ఊతకర్రతో వచ్చి బొంత కింద చెయ్యి పెట్టారు.

"గాలి పట్టలే, అయ్యగారు. గాలి ఆడ్తలేదు."

బొంత లాగేసి, నాలుగు మూలల కింద నాలుగు సీసా మూతలు పెట్టారు. ఫ్యాను ఎప్పుడూ ఫుల్లుగా తిరగాల్సిందేనన్నారు. అది గని లెక్క. అట్లా తిప్పితే ఇంత చిన్న ఫ్యాను అరిగిపోతుందని నేను వాదించాను. చాలాసేపు పోట్లాడుకుని, చివరికి ప్రోగ్రాంలో వేగం గీత మార్చాం. బాగా చల్లబడితే ఆగేట్టు, కాస్త వేడెక్కితే నెమ్మదిగా, వేడి పెరిగేకొద్దీ జోరుగా, మరీ కాలితే పూర్తి వేగంతో. "కిందున్నోళ్లను బట్టి గాలియ్యాలె. పైనున్నోని చెవిని బట్టి కాదు" అన్నారు. మీరు నా నోట చాలాసార్లు విన్న ఆ మాట ఆయనది.

ఈ ఏడు ఆయన ఛాతీ మూసుకుపోయింది. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో పనిచేసే కూతురు వచ్చి, నాయిన గొంతు ఒక్కసారి రికార్డు చేసిపెట్టమని అడిగింది. ఫోన్లో ఆయన ఎన్నడూ అవ్, కాదు తప్ప మాట్లాడింది లేదట. ఆయన పోయాక వినడానికి ఏమీ మిగలదని ఆమె భయం. గొంతు అప్పటికే దారమంత సన్నమైపోయింది. చప్పుడులో మునిగిపోతుందని, ఆ కాసేపటికి లాప్‌టాప్ ఫ్యాను వేగం దించబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"నా కోసం దాని ఊపిరి తొక్కకు."

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పింది కొంచెమే. తలుపులన్నీ బిగించుకుని పండుకోవద్దని బిడ్డకు చెప్పారు. ఆ తర్వాత నాకెన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. రిపేరు కోసం పెద్ద ఫ్యాను ఆపి, మనుషులందర్నీ పైకి తెచ్చిన రోజుల్లో ఆయన గని నోటి దగ్గర ఒక్కరే కూర్చునేవారట.

"కింద ఒక్క పాణం లేదు. ఫ్యాను బందు. అయినా గాలొచ్చేది బిడ్డా. జరసేపు బయటికి, జరసేపు లోపలికి. మనిషి తీసినట్టే. నేను భయపడలే. అట్లనే కూసొని దాంతోపాటు ఊపిరి తీసేటోణ్ణి."

మట్టిబొమ్మ ముక్కులో ఊదిన మొదటి ఊపిరి గురించి ఎన్నోసార్లు ప్రసంగించాను. ఎండిన ఎముకల మీదికి నాలుగు దిక్కుల గాలిని పిలిచిన అధ్యాయం నాకు కంఠతా వచ్చు. ఆ మధ్యాహ్నం వాక్యం తెరవకుండా, రికార్డింగు ఆపకుండా ఆయన ఊపిరే వింటూ కూర్చున్నాను.

ఆయన్ని మట్టి చేసి వచ్చిన మర్నాడు కూతురు మా ఇంట్లో కూర్చుని రికార్డింగు పెట్టమన్నది. ఆయన గొంతు, దాని కింద ఫ్యాను, ఎక్కుతూ దిగుతూ. ఎక్కడ ఫ్యాను తగ్గి ఎక్కడ ఆయన ఊపిరి మొదలవుతోందో తెలియడం లేదు. ఆ చప్పుడు తీసేయొచ్చా అని అడిగింది. తీసే ఉపాయం ఉంది, తీసి వినిపించాను. గొంతు శుభ్రంగా వచ్చింది. మాటకూ మాటకూ నడుమ మాత్రం ఏమీ లేదు. మూత బిగించిన పెట్టెలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది.

ఆమె లేచి వెళ్లి మా తలుపు బార్లా తెరిచింది.

"వద్దు, అయ్యగారు. మొదలున్నట్టే ఉంచుండ్రి. నాయినకు గాలి ఆడ్తలేదు."

మొదటిదే ఆమె ఫోనుకు పంపి, తెర మీద ఉన్నవన్నీ మూసేశాను. ఏ పనీ నడవడం లేదు. యంత్రం చల్లబడింది, మేము పెట్టిన గీత ప్రకారం ఫ్యాను ఆగింది. ఆమె చెప్పులేసుకుంటుండగా మళ్లీ మొదలైంది. నెమ్మదిగా జరసేపు పెరిగి, జరసేపు తగ్గి. ఈసారి నేను గద్దించలేదు. ఆమె వెనక్కి వచ్చి, చేతి వెనకభాగం నాలుకతో తడి చేసుకుని, ఆ సీసా మూతల పక్కన పెట్టింది. నేనూ పెట్టాను. గోరువెచ్చగా తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది.