రెండువైపులా తవ్వాల్సిన గోడ

“పందికొక్కుల్ని పట్టేవాళ్లు మీ వాళ్లలో ఎవరైనా ఉంటే పంపించండి మేష్టారూ” అన్నాను. మా పక్కింటాయనతో అన్నాను. పాలవ్యాను దగ్గర నలుగురూ గిన్నెలు పట్టుకుని నిలబడి ఉండగా, నవ్వుతూ అన్నాను.

మేష్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య కూడా టీచరే. ఆయన తండ్రి మాత్రం మా నాన్న పొలంలో కూలిపని చేసిన మనిషి. ‘మీ వాళ్లు’ అనడంలో నా ఉద్దేశమేమిటో అక్కడున్న వాళ్లందరికీ అర్థమైంది. తెలియక నోరు జారానని రాసుకుంటే నాకు సుఖంగా ఉండేది. తెలిసే అన్నాను.

ఎలుక ఇంట్లోకి వస్తుంది. పందికొక్కు ఇంటి కిందికి వస్తుంది. మాకు ముందు పెరట్లో కంద పోయింది. పైన ఆకు పచ్చగానే నిలబడి ఉండేది, పట్టుకుని లాగితే కింద దుంప ఉండేది కాదు. తర్వాత రెండిళ్లకీ మధ్యనున్న గోడవారన రోజూ పొద్దున్నే కొత్తమట్టి కుప్పగా కనపడేది. ఆ తర్వాత స్నానాలగదిలో కాలు పెడితే గచ్చు డొల్లగా మోగడం మొదలైంది.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మానడమేమిటి, మాన్పించారు. మా నాన్న నన్ను చేలగట్ల మీదికి తీసుకుపోయిన రోజుల్లోనే మేష్టారి నాన్నగారు ఆయన్ని బడిలో వేశారు. మిగతా చదువు నేను పంచాయతీ లైబ్రరీలోనూ, పొట్లాలు విప్పిన కాగితాల మీదా సొంతంగా చదువుకున్నాను. పత్రికలకి ఉత్తరాలు కూడా రాసేవాణ్ణి. అలా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎవరేం చెప్పబోయినా నాకు తెలుసంటాడు. పందికొక్కుల సంగతి కూడా నాకు తెలుసనే అన్నాను.

ముందు మోటారు వేసి పైపు కన్నంలో దోపాను. అన్ని నీళ్లూ ఎటు పోతున్నాయో అంతు పట్టలేదు. కాసేపటికి గోడవతల నుంచి టీచరుగారి గొంతు వినిపించింది. “మా మెట్ల కిందనించి నీళ్లొస్తున్నాయండీ. మోటారు మీదేనాండీ?” మోటారు కట్టేశాను. తర్వాత కన్నంలో గాజుపెంకులు కూరి సిమెంటు పోశాను. మా వైపు మూసిన కన్నం వాళ్ల వైపు తెరుచుకుంది. అప్పుడు అమలాపురం వెళ్లి మందు తెచ్చాను.

ఆ కొట్టువాడి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. దాని మీద పేరు లేదు, చీటీ లేదు. ప్రాణం తీసే సరుకుని కారప్పూస కట్టినట్టు న్యూస్‌పేపరు ముక్కలో చుట్టి చేతిలో పెట్టాడు. అన్నంలో కలిపి పెట్టండి, తెల్లారేసరికి చూసుకోండి అన్నాడు. పిల్లలున్నారా, కోళ్లున్నాయా అని ఒక్క మాట అడగలేదు. అడగనందుకు వాణ్ణి ఇంత తిడుతున్నాను గానీ, నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు పాలవ్యాను దగ్గర ఆ సంగతి గొప్పగా చెప్పాను. మేష్టారు విన్నారు. అప్పటిదాకా ఆయన నన్ను అన్నయ్యగారూ అనే పిలిచేవారు.

“అన్నయ్యగారూ, మందు మాత్రం వద్దండి” అన్నారు. “మా కోళ్లు గోడెక్కి మీ పెరట్లోకే వస్తాయి. మనవరాలు ఇప్పుడిప్పుడే పాకుతోందండి, ఏది దొరికితే అది నోట్లో పెట్టేసుకుంటోంది. ముందర మీ గోడవారన ఉన్న కొబ్బరి డొక్కల కుప్ప తీయించేయండి. అదేనండి వాటి ఇల్లు. తర్వాత బోన్లు పెడదాం. ఇద్దరం ఒకేరోజు రెండువైపులా తవ్వించి పూడ్పించేద్దాం.”

కాయ వలిచిన డొక్కలు పారేయడం మా ఇంటావంటా లేదు. గ్యాసు వచ్చాక కూడా స్నానాలకి నీళ్లు మాకు డొక్కల మీదే కాగాలి. కాయల దింపు దింపుకీ కొత్త డొక్కలు పైన వేసి, పైవే తీసి వాడుకుంటూ ఉంటే అడుగువి ఎన్నేళ్ల నాటివో నాకే తెలియదు. ఆయన చెప్పింది నిజమని చెబుతుండగానే నాకు తెలిసిపోయింది. ఒళ్లు మండింది కూడా అందుకే. పైగా అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే ఆయన ఒకడు పక్కనే నిలబడి ఉన్నాడు. “మేష్టారు చెప్పేరంటే పాఠమేనండి. రాసుకోండి, రేపు అడుగుతారు” అన్నాడు. అందరూ నవ్వారు.

అప్పుడు అన్నాను ఆ మాట. దానికీ నవ్వారు. అందరూ కాదు, ఆ వ్యాపారి ఒక్కడూ నవ్వాడు. మేష్టారు నా ముఖంలోకి ఒకసారి చూసి, “ఆయ్, చూస్తానండి” అని పాలు పోయించుకుని వెళ్లిపోయారు.

మా ఆవిడ అరుగు మీద నుంచి అంతా వింది. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మజ్జిగ దగ్గర ఆగింది.

“రేపట్నుంచి తోడుకి ఎవరింటికెళ్లమంటారు?” అంది.

మా పెరుగు పాడైతే వాళ్లింటి నుంచి, వాళ్లది పులిసిపోతే మా ఇంటి నుంచి తోడు ఆ గోడ మీదుగా అటూ ఇటూ నడుస్తూ ఉండేది. అది పనే కదా, దొంగతనమేం కాదు కదా, ఒకప్పుడు చేసేవాళ్లనే కదా అన్నాను అని ఏదో చెప్పబోయాను. “మరి మనవాళ్లెవర్నీ అడగలేదేం?” అని గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

మావైపు మనుషులకి కోపం వస్తే గొంతు పెరగదు. మర్యాద పెరుగుతుంది. మేష్టారు ఎదురుపడితే తప్పుకుని దారి ఇచ్చేవారు. గోడ సంగతి ఎత్తితే “ఆయ్, అలాగేనండి” అనేవారు. అంతే, ఏ పనీ జరిగేది కాదు. అన్నయ్యగారూ అన్న పిలుపు మళ్లీ వినపడలేదు. ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేవాణ్ణి. అందులో నేను గట్టివాణ్ణే. మర్యాదని ఎలా ఎదుర్కోవాలో నాకు చేతకాదు.

మందు పెట్టలేదు. బుద్ధి వచ్చి కాదు, ఆ పొట్లం చూస్తే ఆ మాట గుర్తుకొచ్చేది, అందుకు. తిరిగి ఇవ్వబోతే కొట్టువాడు పుచ్చుకోలేదు. వ్యవసాయ ఆఫీసులో తెలిసినాయన ఉంటే ఆయన చేతికి ఇచ్చి వచ్చాను. బోను తెచ్చి కాల్చిన కొబ్బరిముక్క కట్టాను. ఒకటి పడింది, తర్వాత ఇంకొకటి పడింది. ఉత్త చేతుల్తో బోను ముట్టుకోవద్దనీ, వాటి ఉచ్చ తడిలో చెప్పుల్లేకుండా తిరిగితే ఎలుక జ్వరం వస్తుందనీ ఊళ్లోకి వచ్చే నర్సమ్మ కోప్పడింది. బతికినంత కాలం వట్టి కాళ్లతో తిరిగినవాణ్ణి, పెరట్లోకి బూట్లేసుకుని వెళ్లడం నేర్చుకున్నాను. అయినా మట్టి వస్తూనే ఉంది. వానలు మొదలయ్యాక గోడ వాళ్ల వైపుకి వాలింది. ఆ పక్కనే వాళ్ల మనవరాలు ఆడుకునే గచ్చు ఉంది.

తాపీమేస్త్రీ వచ్చి కర్రతో పొడిచి చూశాడు. ఒకవైపు పని చేసి లాభం లేదండి, పునాది కింద అంతా ఒకటే సొరంగం, రెండువైపులా తవ్వాలన్నాడు. “మేష్టారుగారికి మీరు చెబుతారాండి, నన్ను చెప్పమంటారా?” అని అడిగాడు. వాడికీ తెలుసన్నమాట. నేనే చెబుతానన్నాను.

అయినా ముందు మా ఆవిణ్ణి పంపాను. నా పిరికితనం అది. గుమ్మడికాయ పులుసు గిన్నెలో పెట్టుకుని వెళ్లింది. టీచరుగారు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారట. మర్నాడు గిన్నె వెనక్కి వచ్చింది, తళతళా తోమి. వట్టి గిన్నె. ఆవిడ ఎప్పుడూ వట్టి గిన్నె పంపలేదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపే మనిషి. మా ఆవిడ ఆ గిన్నెని గూట్లో పెట్టలేదు. నాకు కనపడేలా వంటింటి గట్టు మీద వదిలేసింది.

నా జ్ఞాపకశక్తి గురించి ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. ఎవరి పొలం ఎవరు కొన్నారో, ఏ కాలవ ఎప్పుడు తెగిందో నన్నే అడుగుతారు. ఆ గిన్నె చూస్తూ కూర్చుంటే నాకు మేష్టారి నాన్నగారు గుర్తుకొచ్చారు. కోతలయ్యాక ఆయన మా చేలోకి వచ్చేవారు. చిల్లు పెట్టిన కుండలో గడ్డి అంటించి, కన్నం ముందు మోకాళ్ల మీద వంగి పొగ ఊదేవారు. కళ్ల వెంట నీళ్లు కారేవి, ఊదడం ఆపేవారు కాదు. పట్టినవాటిని కర్రకి కట్టి ఇంటికి తీసుకుపోయేవారు. ఆ రోజుల్లో అవి వాళ్లింట కూర. మా ఇంట్లో దాని మీద వేళాకోళాలుండేవి. ఆకలిని చూసి నవ్వడమని అప్పుడు నాకు తోచలేదు. చిన్నవాణ్ణి, నేనూ నవ్వాను. మొన్న పాలవ్యాను దగ్గర నవ్వింది ఆ నవ్వే.

ఒక ఏడు ఆయన రాలేదు. మా నాన్న కబురు పెడితే వచ్చి వాకిట్లో నిలబడి, వేరే ఏ పనైనా చెప్పండి బాబూ, ఆ పని మానేశాను అన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన వెళ్లాక మా నాన్న “వీడికి కొమ్ములొచ్చేయిరా” అన్నాడు. ఇంత జ్ఞాపకం పెట్టుకున్న నేను కూడా ఎందుకు మానేశారా అని ఇన్నేళ్లలో ఒక్కసారి అనుకోలేదు.

నలుగురిలో అన్న మాటకి గోడ చాటున క్షమాపణ చెప్పడం అన్యాయం. పాలవ్యాను దగ్గరికే వెళ్లాను. వ్యాపారీ ఉన్నాడు. వాడు లేని రోజు చూసుకుందామని కాళ్లు వెనక్కి లాగాయి. అయినా మేష్టారి ముందు నిలబడి, “ఆవేళ ఇక్కడ నేనన్న మాట తప్పండి. తెలిసే అన్నాను. క్షమించమని అడుగుతున్నాను” అన్నాను. వ్యాపారి తన గిన్నెలోకి చూసుకున్నాడు. మేష్టారు “ఆయ్” అని పాలు తీసుకుని వెళ్లిపోయారు. క్షమాపణ చెబితే మనసు తేలికవుతుందని ఎక్కడెక్కడో చదివాను. నాకైతే అవలేదు.

ఆ తర్వాత డొక్కల కుప్ప తీయించడం మొదలుపెట్టాను. కూలీలు మోస్తుంటే నేనూ గ్లౌజులు తొడుక్కుని ఒక చెయ్యి వేశాను. అడుగున డొక్కలు మట్టి అయిపోయి ఉన్నాయి. వాటి కింద నా పిడికిలి పట్టేంత కన్నాలు, అన్నీ గోడవైపే తిరిగి ఉన్నాయి. వాళ్ల ఇంటి కిందికి పోయిన ప్రతి కన్నమూ మా పెరట్లోనే మొదలైంది.

మూడోరోజు ట్రక్కు ఆఖరి డొక్కలు ఎత్తుకుపోతుండగా మేష్టారు గోడవతలికి వచ్చారు. ఆ కన్నాల్ని చూశారు. నన్ను చూడకుండానే, నెమ్మదిగా చెప్పారు.

“మా నాన్నగారు పట్టేవారండి. మీరన్నదాంట్లో అబద్ధమేం లేదు. నేను బళ్లో చేరేకే మానేసేరు. నలుగుర్లో నన్నెవరూ ఆ మాట అనకూడదని మానేసేరండి. ఆ ఏడు మా ఇంట్లో సరిగ్గా తిండి లేదు. మీరు అన్నారు. సరేనండి. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యేక మేస్త్రీని రమ్మనండి. మా వైపు నేను తవ్విస్తాను, మీ వైపు మీరు తవ్వించుకోండి.”